వెనుక నిలిచి ఆడించే గిలక్కాయ

మా అత్తవారింట పసిబిడ్డకు మొదటి ఆటవస్తువును ఎవరికి తోచినట్టు వారు ఇవ్వరాదు. ఐదవ నెల నిండిన పిమ్మట ఒక మంచిరోజు చూసి, ఆ ఇంట పుట్టిన ఆడపడుచు బిడ్డ వెనుక నిలిచి, లక్క పూసిన కొయ్య గిలక్కాయను ముమ్మారు ఆడించాలి. తల్లి ఒడిలో కూర్చున్న బిడ్డ ఆ సవ్వడికి తల తిప్పుతుంది. కుడివైపు తిప్పితే చదువు, ఎడమవైపు తిప్పితే సంగీతం అని ఆ ఇంటివారి నమ్మకం. ఆ తరువాతనే గిలక్కాయ బిడ్డ చేతికి వస్తుంది. దీనినే గిలక్కాయ పట్టించడం అంటారు. ఏ వైపూ తల తిప్పని బిడ్డకు ఏమి చేయాలో ఆ ఆచారం చెప్పదు.

మాది గుడి కొలువులో మంత్రం చెప్పి, పురాణం చదివి, గొంతును నమ్ముకొని బతికిన వంశం. నేను కూడా అట్టి ఇంటనే పుట్టి, తండ్రి పాదాల చెంత కూర్చుండి పద్యం నేర్చి, బాగేపల్లి కన్నడ బడిలో చాలా ఏళ్ళు సంస్కృతం చెప్పినదానను. మా ఇంట ఒక మనిషి గొప్పతనాన్ని కొలిచే కొలబద్ద ఆ మనిషి ఉచ్చారణ. ఇంతకంటె ఎక్కువగా ఆ వాతావరణాన్ని వర్ణించనక్కరలేదు.

నా మనవరాలికి గిలక్కాయ పట్టించిన నాడు ఆ పని చేసింది మా వదిన, అనగా మావారి అక్కగారు. ఎనభైయేళ్ళు దాటినా నడుము వంగని మనిషి. మావారు పోయిన తరువాత ఇంటికి ఆమెయే పెద్దదిక్కు. నా కోడలు పీటమీద కూర్చుండి పాపను ఒడిలో నిలబెట్టుకొంది. వదిన వెనుకకు వెళ్ళి గిలక్కాయ ఆడించింది. పాప తల్లి మెడలోని పూసలనే చూస్తున్నది. రెండవసారి ఇంకా గట్టిగా ఆడించింది. పాప పూసలను విడువలేదు. మూడవసారి ఆడించవలసిన వదిన రెప్పపాటులో నాలుగడుగులు వేసి, పీటను చుట్టి వచ్చి, పాప ముఖానికి ఎదురుగా ఆ ఎర్రటి గిలక్కాయను ఆడించింది. పాప కిలకిల నవ్వింది.

“చూడండమ్మా, ఎట్ల నవ్వుతాండాదో! గిలక్కాయ శబ్దానికి కళ్ళెట్ల మెరుస్తాండాయో!” అన్నది వదిన. అందరూ చప్పట్లు కొట్టారు. కుడికా ఎడమకా అని ఎవరూ అడగలేదు. వదిన గిలక్కాయను పాప చేతికి ఇవ్వక గూటిలో పెట్టేసింది.

నా కోడలు తల ఎత్తి నన్ను చూసింది. నేను చూపు తప్పించుకొన్నాను. ఈ రచనలో నేను ఇతరులను నిందించబోతున్నాను కనుక నా సంగతి ముందే చెప్పడం న్యాయం. పాప పుట్టినప్పుడే ఆస్పత్రివారు, చెవుల పరీక్ష తేలలేదు, మూడు నెలల లోపల మళ్ళీ తీసుకొని రండి అని కాగితం వ్రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని పంచాంగంలో మడిచిపెట్టింది నేనే. ప్రతిరోజూ తిథి చూడడానికి పంచాంగం తెరిచేదానను. కాగితాన్ని తెరిచేదానను కాను. తొట్టి పక్కన కూర్చుండి గొంతెత్తి పద్యాలు చదివేదానను. పాప కన్నార్పక నా ముఖం చూసేది. “మా నాయన చెవి వచ్చిందమ్మా దీనికి” అని మురిసిపోయేదానను. ఆ బిడ్డ నా పెదవుల కదలికను చూసి ఆనందిస్తున్నదని అప్పుడు నాకు తట్టలేదు. పాండిత్యం నా కళ్ళకు కట్టిన గంత అది.

ఆ సాయంకాలం వంటింట్లో కోడలు మెల్లగా అడిగింది.

“అత్తమ్మా, మీరూ చూసినారు కదా?”

“చూసినాను.”

“పెద్దమ్మ ముందుకొచ్చినాకే నవ్వింది. మొన్న పాలగిన్నె తొట్టి పక్కనే పడె. నేను ఎగిరిపడితి. పాప ఊరికే పండుకోని బొటనవేలు చూసుకుంటాండె. నేను ఎవురితో చెప్పేది?”

నేను పంచాంగం తెచ్చి అందులోని కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఇంతకాలం దాచినందుకు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

గిలక్కాయ పట్టించినట్టే లెక్క గనుక ఇక బొమ్మలకు అడ్డు లేదు. వదిన ఎవరికేమి చెప్పిందో గాని, వచ్చినవారందరూ మోత చేసే బొమ్మలే తెచ్చారు. డోలు కొట్టే కోతి, ఇంగ్లీషులో పలకరించే ఫోను, మీట నొక్కితే నాలుగు పాటలు పాడే బాతు. ఒకటి పనిచేయకపోతే దానికంటె గట్టిగా అరిచేది మరొకటి వచ్చేది. వాటన్నిటికీ ఒక గుణం సమానం: అరిచినప్పుడెల్లా దీపాలు వెలుగుతాయి. దీపం వెలగగానే పాప అటు చూస్తుంది. “వినింది, వినింది!” అని ఇల్లంతా సంబరం. మా నట్టింట కూటసాక్షులు బారులు తీరి కూర్చున్నట్టుండేది.

రోజూ చిక్కబళ్ళాపురానికి ఉద్యోగానికి వెళ్ళివచ్చే నా కొడుకు కూడా ఆ సాక్ష్యాన్నే నమ్మాడు, నమ్మదలచుకొన్నాడు.

“అమ్మా, నేను మూడేళ్ళకు గదా మాట్లాడింది. ఊరికే దిగులు పెట్టుకోవద్దు. ఇంకో ఆరు నెలలు చూద్దాము.”

“నువ్వు మూడేళ్ళకు మాట్లాడినావు గానీ, నాలుగో నెలకే నేను పిలిస్తే తిరిగి చూసినావు. ఆరు నెలలు నీకు చిన్నవి రా. దానికి అది పుట్టినప్పటినుంచి ఇప్పటిదాకా బతికిన బతుకుకంటే పెద్దవి.”

వాడు బాతు మీట నొక్కాడు. దీపం వెలిగింది. పాప నవ్వింది. ఆ నవ్వును చూసి వాడి ముఖంలో కలిగిన ఊరటను చూడలేక నేను లేచి వెళ్ళిపోయాను.

మరుసటి శుక్రవారం నేనూ కోడలూ పాపను ఎత్తుకొని బయలుదేరాము. వదిన వాకిట్లో ఎదురైంది.

“యాడికి పోతాండారు ఇద్దరూ?”

“బొమ్మలు కొనేదానికి.”

“ఇంట్లో గంపెడు ఉండాయి గదే!”

“అవి మీ అందరి ధైర్యానికి కొన్నవి వదినా. పాపకు ఇంకా ఒకటీ కొనలే. చిక్కబళ్ళాపురం మీద పోయి, ఆస్పత్రిలో చెవులు చూపించి, అట్నించి చింతామణికి పోతాము.”

“శుక్రవారం పూట ఇంట్లోనించి పోతా చెవిటి మాటా! నీ చదువు ఇందుకా పనికొచ్చింది?”

“ఇందుకు కూడా పనికి రాకపోతే ఇంకెందుకు?” అని బస్సెక్కాను.

ఆస్పత్రిలో పాపను నిద్రపుచ్చి, నొసటనూ చెవుల వెనుకనూ తీగలు అంటించారు. ఒక తెర మీద గీతలు నడిచాయి. చాలాసేపటికి డాక్టరమ్మ కన్నడంలో, మా కంగారు ఎరిగినదై, నెమ్మదిగా చెప్పింది. రెండు చెవులూ దాదాపు వినవు. త్వరగా మిషన్లు పెట్టించి చూడాలి, అవి చాలకపోతే వేరే దారులున్నవి, మాట నేర్పడానికి మనుషులున్నారు. గడిచే ప్రతి నెలా మాటకే నష్టం. బెంగళూరుకు చీటీ వ్రాసి ఇచ్చింది. ఆ చీటీని నేను మడవలేదు. చేతిలోనే పట్టుకొని చింతామణి దాకా వచ్చాను.

చింతామణి నా కోడలి పుట్టినూరు. బజారులో ఆమె చిన్నప్పటినుండి ఎరిగిన బొమ్మల అంగడి ఒకటి ఉంది. అంగడాయన మమ్మల్ని చూడగానే ఒక బొమ్మను తిప్పి వదిలాడు. అది గుండ్రంగా తిరుగుతూ అరవసాగింది.

“కొత్త మాలమ్మా. శబ్దం శానా బాగుండాది.”

“శబ్దం లేనిది చూపించప్పా,” అన్నాను.

“శబ్దం లేకపోతే అది బొమ్మెట్లవుతాదమ్మా?”

“మా ఇంట్లో దేవుడి బొమ్మ ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలే. రోజూ దండం పెడతానే ఉండాము గదప్పా.”

ఆయన నవ్వి ఇంకొక బొమ్మ మీట నొక్కబోయాడు. అప్పుడు నా కోడలు, ఆరు నెలలుగా ఇంట గొంతు పైకెత్తని పిల్ల, తనను ఎరిగినవారు నలుగురు నిలిచి ఉన్న ఆ అంగట్లో, స్పష్టంగా అన్నది:

“మా పాపకు వినపడదు మామా. కంటికి, చేతికి బాగుండేవి ఇయ్యి.”

ఆయన తిరుగుతున్న బొమ్మను చేత్తో పట్టి ఆపాడు. లోపలికి వెళ్ళి దుమ్ము పట్టిన రెండు డబ్బాలు తెచ్చి మా ముందు బోర్లించాడు. “ఇవి ఎవురూ అడగరమ్మా. చూసుకోండి.”

అరవైయేళ్ళుగా శబ్దాలను ఏరిన నాకు, శబ్దం లేనివాటిని ఏరడం ఆనాడు కొత్త విద్య. కోడలు గురువు, నేను శిష్యురాలను. కళ్ళు ఊడివచ్చే కుక్కను ఆమె పక్కన పెట్టింది. గొంతులోకి జారేటంత చిన్నవన్నీ పక్కన పెట్టింది. నలుపు తెలుపు చారల గుడ్డపుస్తకం, పగలని అద్దం కుట్టిన మెత్తటి పువ్వు, ఒకవైపు నునుపు ఒకవైపు గరుకు ఉన్న కొయ్య కడియం, ఎర్రటి గుడ్డబంతి తీసుకొంది. ఒక్కొక్కదానిని మొదట తన చెంపకు ఆనించి చూసుకొన్నది. పాప ఆ అద్దంలోని బిడ్డను పట్టుకోబోయి, దొరకక, కోపంతో కాళ్ళు తన్నింది. నా కోడలు నవ్వింది. ఆమె అట్లా నవ్వగా చూసి చాలా రోజులైంది.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని బాతునూ కోతినీ ఫోనునూ మూటగట్టి అటక మీద వేయడం. ఆ రాత్రి డాక్టరమ్మ చీటీని చదివిన నా కొడుకు మారుమాట లేకుండా బెంగళూరుకు రోజు కుదిర్చాడు గాని, వదిన మాత్రం ఒప్పుకోలేదు. ఆదివారం బంధువులు ఏడెనిమిది మంది పాపను చూడ వస్తున్నారని తెలిసి నన్ను గదిలోకి పిలిచింది.

“వాళ్ళ ముందర నోరెత్తొద్దు. చెవికి మిషను పెట్టేటప్పుడు పెడతారులే, జుట్టు కింద కనపడదు. ఆడపిల్ల. రేపు పెండ్లి సంబంధాలప్పుడు ఇదే మాట ఎత్తుతారు.”

“దానికి ఇంకా పన్ను రాలే, నువ్వు పెండ్లి తెస్తివా వదినా!”

“నవ్వులాట కాదు. మన ఇంట్లో పుట్టిన బిడ్డకు చెవి లేదంటే మన నోటికే అవమానం.”

“అయితే అవమానం మన నోటికి. దాని చెవికి కాదు. మన అవమానం మనం మోద్దాము. దాని నెత్తిన ఎందుకు?”

ఆదివారం అందరూ నట్టింట కూర్చున్నారు. పాప చాప మీద ఎర్రబంతిని రెండు చేతులా పట్టి పరీక్షిస్తున్నది. ఒకరు యథాప్రకారం చిటికె వేశారు. మరొకరు, “గిలక్కాయకు ఎటు తిరిగింది? చదువా, సంగీతమా?” అని అడిగారు. వదిన, “కుడికే” అన్నది.

నేను లేచి గూటిలోని గిలక్కాయను తీశాను. వదిన కళ్ళతో వారించింది. పాప వెనుక నిలిచి, ఆచారం చెప్పినట్టే ఆడించాను. పాప బంతిని వదలలేదు. మరింత గట్టిగా రెండవసారి. మూడవసారి ఆడించినప్పుడు ఆ గదిలో గిలక్కాయ తప్ప వేరే సవ్వడి లేదు. నేను ముందుకు నడవలేదు.

“అందరూ చూసినారు గదా,” అన్నాను. “కుడికీ తిరగలే, ఎడమకీ తిరగలే. మా పాపకు వినపడదు. బుధవారం బెంగళూరికి పోతాండాము. ఇంక ఎవురూ చిటికెలు వేయొద్దు. పలకరించాలంటే ఎదురుగా వచ్చి కూర్చోని, ముఖం చూపించి పలకరించండి.”

నా కొడుకు తల వంచుకొన్నాడు. తరువాత చాప మీదకు దిగి, పాపకు ఎదురుగా కూర్చున్నాడు. నేను చుట్టి వచ్చి గిలక్కాయను పాప చేతికి అందించాను. వదిన చివాలున లేచింది.

“అట్లెట్ల ఇస్తావే? తల తిప్పందే ఇయ్యగూడదు!”

అప్పటికే పాప గిలక్కాయ పిడిని నోట్లోకి తోసుకొన్నది. చొంగ లక్క మీదుగా కారుతున్నది. నేను ఆ పిడిని కొంచెం పక్కకు తిప్పి వదినకు చూపాను. రంగు పోయి, కొయ్య తేలి, తరతరాల పాలపళ్ళు దించిన గాట్లు అక్కడ ఉన్నాయి.

“ఇందులో నా కొడుకువి ఏవో నాకు తెలుసు వదినా. నీవి ఏవి?”

ఆమె మోకాలి మీద చేయి ఆనించుకొని చాప మీదికి ఒరిగి, కళ్ళు చికిలించి ఆ పిడిని వెదకసాగింది. వేలు ఒకచోట ఆగింది. పాప కొత్త ముఖం దగ్గరకు వచ్చినందుకు నమలడం ఆపి, ఆమె పెదవుల వంక చూసింది.

“ఇది నాదే,” అన్నది వదిన, పాప ముఖంలో ముఖం పెట్టి, మెల్లగా. “మా అమ్మ చూపిస్తాండె. కొరుకు తల్లీ, పక్కన చోటుండాది.”