చెత్తదిబ్బ పక్కన తోటకూర

నా పేరు నర్సవ్వ, వయసు డెబ్బై రెండు. దుబాయి పక్కనున్న రాస్ అల్ ఖైమాలో మనుమరాలు లత, ఆమె భర్తతో ఉంటున్నాను. నేను చెప్తుంటే లతే రాస్తోంది.

ఈ రోజు పొద్దున చెత్తదిబ్బ కంచె బయట తోటకూర ఏపుగా కనిపించింది. లతకు ఏడో నెల కదా అని ఒడినిండా తెంపాను. అక్కడ మొక్కలకు నీళ్లు పెట్టే మన జగిత్యాల ఎల్లయ్య ఉరికొచ్చాడు.

“అవ్వా, పారెయ్! పాత బ్యాటరీల సీసం మట్టిల దిగింది. దాన్ని గుంజనీకే ఈ కూర పెట్టిండ్రు. తింటే విషం.”

“మరి కోసినంక ఎటు పంపుతరు?”

“లారీల ఎత్తుకపోతరు. ఎటో నాకేమెరుక?”

ఒడి అక్కడే దులిపేశాను. ఇంటికొస్తే, లత బజారులో కొన్న తోటకూర కట్ట పొయ్యి పక్కన ఉంది. అది ఎక్కడ పెరిగిందో అమ్మినవాడు చెప్పేదాకా వండనివ్వను. మీ ఇంటి కట్ట ఎక్కడిదో మీరు అడిగారా?

నర్సవ్వ వేలిముద్ర. సాక్షులు: ఎల్లయ్య, ఆకలితో ఉన్న లత.