బొప్పాయి వారం

మొన్న గుడివాడలో మా తమ్ముడి కోడలు ఫోను నా ముఖం ముందు పెట్టి, ఈ వారం వంకాయంత అని మురిసిపోయింది. కడుపులో బిడ్డ సంగతి. యాప్ చెప్పిందట. నాకు ఒళ్లు మండింది. ఏ వంకాయ? గుత్తివంకాయా, పచ్చడి వంకాయా? నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ పూట విస్తట్లో వడ్డించిన వంకాయ కూర మాత్రం ముట్టబుద్ధి కాలేదు. ఆ యాప్‌తో నాకు పాత పగ ఉంది.

కొన్నేళ్ల కిందట నా కూతురు తొలికాన్పుకు బందరులో మా ఇంటికి వచ్చింది. అప్పటికే దాని బుర్రంతా ఆ యాప్ తినేసింది. సోమవారం పొద్దున్నే ఫోను టింగుమనడం, ఇది పండు పేరు చదవడం, చుట్టాలందరికీ పంపడం. బిడ్డను కంటోందా, కూరగాయల కొట్టు పెడుతోందా అనిపించేది. ఒక వారం అవకాడో అన్నప్పుడు అదెంత ఉంటుందో తెలియక మా అల్లుడు పనిగట్టుకుని విజయవాడ వెళ్లి ఒకటి కొనుక్కొచ్చాడట. ఇంజనీరింగ్ చదివినవాడే. దాన్ని టీవీ పక్కన పెట్టి కుళ్లిపోయేదాకా చూసుకున్నారట. నాకు ఒళ్లు మండేది అందుకు కాదు. కదలిక తగ్గినట్టుందేమే అని నేనడిగితే, ఈ వారం బిడ్డలు ఎక్కువ నిద్రపోతారని యాప్‌లో ఉందమ్మా అని నా నోరు మూయించేది. ఆసుపత్రికి పోదామంటే, చూపించుకోవాల్సిన తేదీ ఇంకా రాలేదనేది. తల్లి మాట కంటే ఆ టింగు మాటే వేదం.

అలాంటి ఒక సోమవారం మా వియ్యపురాలు కోడూరు నుంచి ఎండు మెత్తళ్ల చేపల సంచీతో బస్సు దిగి వచ్చింది. నా కూతురు ఎదురెళ్లి, ఈ వారం బొప్పాయంత అత్తయ్యా అంది. ఆవిడ ముఖం పాలిపోయింది. కడుపుతో ఉన్నవాళ్లకు బొప్పాయి పెడితే కడుపు నిలవదని మా వైపు భయం కదా.

"వదినగారండీ, కడుపులో బిడ్డను ఆ పండుతోనా పోల్చేది? ఇప్పుడే డాక్టరమ్మకు చూపిద్దాం పదండి."

సైజు మాత్రమే అత్తయ్యా అని నా కూతురు ఎంత చెప్పినా వినదే. కాఫీ ముట్టలేదు. కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి ఒక పండు పేరుకు వణకడం నాకప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆవిడ నోరు మూయించడానికే ఆటో పిలిచాను.

స్కాన్ చేస్తున్న డాక్టరమ్మ ఒకే చోట మళ్లీ మళ్లీ కొలిచింది. బిడ్డ ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయిందట, ఉమ్మనీరు కూడా తగ్గిపోయిందట. "ఇవాళే తీసేయాలండీ. ఆగితే బిడ్డ దక్కదు," అంది. సాయంత్రానికల్లా ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. బొప్పాయీ లేదు, నా తలకాయా లేదు, నా దోసిలి కూడా నిండనంత పిల్ల. గాజు పెట్టెలో పెట్టారు. బయట బల్ల మీద మా వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మరుసటి సోమవారం నా సంచీలో ఉన్న కూతురి ఫోను టింగుమంది. మీ బిడ్డ ఈ వారం కొబ్బరికాయంత, అభినందనలు అని. అద్దం అవతల మా పిల్ల ముక్కుకు గొట్టంతో ఊపిరి తీసుకోవడానికి అవస్థ పడుతోంది. బిడ్డ బయటికి వచ్చేసిందని కూడా తెలియని వెధవ యంత్రం మాట నమ్మి ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నామా? పిల్ల పుట్టినప్పుడు రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. బొప్పాయంటే ప్రాణం. నానమ్మ ముందు మాత్రం తినదు. మొన్న గుడివాడలో బయల్దేరేముందు తమ్ముడి కోడల్ని పక్కకు పిలిచి, వంకాయ సంగతి నాకొద్దు, లోపల కదులుతోందా అని అడిగాను. ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టి, పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఆగి, తలూపింది. అప్పుడు గానీ నేను బస్సెక్కలేదు. కాలానికేం, లోపల బిడ్డ ఎదిగినా ఆగినా సోమవారం తర్వాత సోమవారం వచ్చేస్తూనే ఉంటుంది.