వంటింటి నీలం

కొండట, కొండ! మట్టీ గడ్డీ పిసికి మీద రంగులు పులిమిన దిబ్బ. దీన్ని చూడ్డానికి కాలిఫోర్నియా ఎడారిలో, ఇంత ఎండలో, జనం ఎగబడి రావడమూ, వచ్చి కళ్ళు తుడుచుకోవడమూ! వెర్నాకి ఒళ్ళు మండిపోయింది.

ఆ దిబ్బ కట్టింది ఆమె మొగుడు ఓరిన్. ముప్పై ఒక్కేళ్ళ కిందట వంటింటికి నీలం రంగు వేస్తూ వేస్తూ, సగం గోడ దగ్గర బ్రష్షు పడేసి, దేవుడు పిలిచాడంటూ ఇక్కడికొచ్చి పడ్డాడు. ఆమె అదే ఊళ్ళో, బ్రాలీలో, లెట్యూస్ ఆకుకూర పెట్టెలకెత్తుతూ బతికింది. మిగతా సగం గోడ జోలికి మాత్రం పోలేదు. వాడే వచ్చి వెయ్యాలని మొండిపట్టు. వాడేమో మొన్న చలికాలంలో పోయాడు.

ఇప్పుడు ఒక్కటి తేల్చుకోవడానికి వచ్చింది. ఆ మహానుభావుడికి తను ఏనాడైనా గుర్తొచ్చిందా? వచ్చేవాళ్ళు తలా ఒక రంగు డబ్బా తేవడం ఇక్కడి ఆనవాయితీ. కసికొద్దీ ఆ నీలమే కొని తెచ్చింది.

"పసుపు దారి మీదే నడవండమ్మా, పక్కన కాలేస్తే మట్టి విరుగుతుంది," అంది కాపలా ముసలామె డార్లా. "ఎంత సాధువనుకున్నారు ఓరిన్! పెళ్ళీ పెటాకులూ లేని మనిషి."

"పెళ్ళీ అయింది, పెటాకులూ అయింది. ఆ పెళ్ళాన్ని నేనే."

డార్లా గబగబా పక్కకి తప్పుకుని దారిచ్చింది.

వెర్నా దిబ్బంతా వెతికింది. పూల బొమ్మలున్నాయి, గుండె బొమ్మలున్నాయి, దేవుడి పేరు నూటపది చోట్ల ఉంది. తన పేరు లేదు. దిబ్బ వెనక్కి వెళ్ళి చూస్తే ఉత్త మట్టి, పైకి పొడుచుకొచ్చిన గడ్డి. పకపకా నవ్వింది.

"ఇక్కడా సగమేనా! ఒక్క పనైనా పూర్తిచేసి చచ్చాడా?"

డార్లా నవ్వలేదు. "మేమూ పోరేవాళ్ళం, వెనక కూడా రంగెయ్యవయ్యా అని. 'ముందు వెయ్యాల్సిన గోడ ఒకటి మిగిలిపోయింది, అదయ్యాకే ఇది' అనేవాడు. పరలోకంలో గోడేమో అనుకుని మేం ప్రార్థనలు కూడా చేశాం."

"పరలోకమా, నా మొహమా! బ్రాలీలో, మా పొయ్యి పక్కన!" వెర్నా గొంతు కీచుమంది. "కార్లో అరగంట. అరగంట దారి రాలేకపోయాడా, పిరికి సన్నాసి!"

డార్లా మెల్లిగా డబ్బా అందుకోబోయింది. వెర్నా దాన్ని గుండెకి హత్తుకుంది.

"ఇది మీ దిబ్బకి కాదు," అంది. "బ్రష్షుంటే ఒకటియ్యి. వాడిదే ఇయ్యి."