మార్చిలో దిగే జంపఖానాలు

జిల్లా ఆఫీసులో నా పని ఖర్చు చేయడం కాదు, ఖర్చు ఎప్పుడైందో చూడడం. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏ నెలలో ఎంత పోయిందో తీసి గ్రాఫ్ గీస్తాను. ఏటా అదే బొమ్మ. ఫిబ్రవరి దాకా గీత నేల మీద పాకుతుంది, మార్చి రాగానే తాడిచెట్టు ఎక్కుతుంది. నెల దాటితే నిధులు వెనక్కి పోతాయని అందరికీ అప్పుడే తొందర. మా సారు చూసి "మంచిగుంది, పంపియ్" అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి నాకు జీతమిస్తున్నారు.

మా అన్న కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. సర్కారు హాస్టల్ పిల్లలు పరుచుకునే జంపఖానాలకు ఆర్డరు కూడా మార్చిలోనే వచ్చేది, వారంలో సరుకు దింపాలనేవారు. చేతిమగ్గం మీద వారంలో ఎన్ని తెగుతాయి? అందుకే అది ఎప్పుడూ మరమగ్గాల వాళ్లకే పోయేది. పిల్లలేమో చలికాలమంతా బండల మీద వణికి, ఎండలు ముదిరాక కొత్త జంపఖానాలు అందుకునేవాళ్లు.

రెండేళ్ల కింద అన్న పంతం పట్టాడు.

"వాళ్లు మార్చిల అడుగుతరు గదా తమ్మీ, నేను వానకాలంల్నే మొదలువెడ్త. ఈసారి ఎట్ల కాదంటరో చూస్త."

"కొలత మారిస్తేనో అన్నా?"

"పిలగాండ్లు పొట్టిగైతరా ఏంది?" అని నవ్వాడు.

వదిన రాట్నం వదల్లేదు. ఇంట్లో కాలు పెట్టే సందు లేకుండా జంపఖానాలు పేర్చారు. ఆ చలికాలం నాకూ ఆశ పుట్టింది.

మార్చిలో ఆర్డరు వచ్చింది. హాస్టళ్లకు ఇనుప మంచాలు వచ్చాయట, వాటికి సరిపడా సన్నగా ఉండాలట. అన్న నేసినవన్నీ వెడల్పువి. కోసి కుడదామంటే అంచు పోయి పోగులు ఊడొస్తాయి. ఎవరిని తిట్టాలో తెలియక నాకు ఏడుపొచ్చింది. అన్న వాటిని అయినకాడికి అమ్మేసి మగ్గం విప్పేశాడు.

ఈ మార్చిలో సరుకు దిగిందో లేదో చూసి రమ్మని నన్ను గోదాముకు పంపారు. మరమగ్గాల జంపఖానాల లారీ వచ్చి ఉంది. దింపుతున్న హమాలీల్లో అన్న కనిపించాడు. కట్ట భుజానికెత్తుకునే ముందు, అలవాటు కొద్దీ అంచును వేళ్లతో నలిపి చూశాడు.

"ఫికర్ జెయ్యకు తమ్మీ," అన్నాడు నన్ను చూసి. "మార్చిల మాకు గూడ జర పని దొరుకుతాంది."

ఆఫీసుకొచ్చి, సరుకు దిగిందని రాసి, ఆ నెల గీతను పైకి లాగాను.