గొళ్ళెం లేని తలుపు

రెండున్నరేళ్ళపాటు ఆ అమ్మాయి బడిలో ఒక్క చుక్క నీళ్ళు తాగలేదు. తాగొద్దని ఎవరూ అనలేదు. కుళాయి ఉంది, గొలుసు కట్టిన గ్లాసు ఉంది, మండే ఎండలున్నాయి, ఎండలకు తగ్గ దాహమూ ఉంది. లేనిదల్లా ఒక తలుపుకు గొళ్ళెం.

పొద్దున ఏడింటికి అరగ్లాసు. మళ్ళీ సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరాకే. మధ్యలో పది గంటలు, నాలుక అట్టముక్కలా అయిపోయినా, పెదవి తడుపుకొని సరిపెట్టుకునేది. సీసా మాత్రం రోజూ నిండుగా పట్టుకెళ్ళేది, అమ్మ చూస్తుంది కదా. తిరిగొస్తూ వీధి మలుపులో ఎవరి ఇంటి ముందో ఉన్న పూలకుండీలో ఒంపేసేది. ఆ వీధి మొత్తమ్మీద అంత ఏపుగా పెరిగిన మొక్క మరొకటి లేదు.

పక్కన కూర్చునే పిల్ల నిద్రలో తప్ప నోరు మూయదు. అందుకని క్లాసంతా దాన్ని రేడియో అనేవాళ్ళు. ఈ అమ్మాయికి 'ఒంటె' అని పేరు పెట్టింది ఆ రేడియోనే.

"ఒసేయ్ ఒంటే, మూపురం ఎక్కడే దాచావ్? జడ కిందా?" అంటూ వీపు తడిమేది.

"నీ నోరంత పెద్దది కాదులేవే, కనబడదు," అని ఒంటె నవ్వేది. నవ్వితే ఎండిన పెదవి చిట్లేది.

రేడియో వాళ్ళిల్లు బడి వెనక వీధిలోనే. మధ్యాహ్నం గంట కొట్టగానే ఒక్క పరుగున ఇంటికెళ్ళి పని చూసుకొని వచ్చేది. వాళ్ళది నాలుగు కుటుంబాలు పంచుకునే వాటా, బయటి పిల్లల్ని దొడ్డి వాడుకోనివ్వరు. ఒంటె ఇల్లు నలభై నిమిషాల నడక. పరుగెత్తి ఎక్కడికి పోతుంది?

ఆ తలుపు కథ ఇది. ఒంటె ఆరో తరగతిలో ఉండగా బడిలో ఆడపిల్లలకని మూడు మరుగుదొడ్లు కట్టారు. తలుపులు చేసింది ఆమె తండ్రే. ఆయన వడ్రంగి. తలుపులు బిగించిన రోజు కూతుర్ని తీసుకెళ్ళి చూపించాడు. గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి, దాని చప్పుడు వినిపించాడు.

"విన్నావా తల్లీ? గట్టి గొళ్ళెం ఇలా పలకాలి. వాన తగిలినా ఉబ్బని చెక్క వేశాను. ముప్ఫై ఏళ్ళు ఢోకా లేదు. నీ పిల్లలు కూడా ఈ తలుపే వేసుకుంటారు."

"ఛీ, పో నాన్నా!"

ఇంటికి ఎవరొచ్చినా ఆయన రెండో మాట అదే. "మా అమ్మాయి చదివే బడి తలుపులు నా చేతివే." బడంతా తనే కట్టించినట్టు చెప్పేవాడు. కుట్టుమిషన్ తొక్కుతున్న అమ్మ తల ఎత్తకుండానే, "ఆహా, బడికి తలుపులెత్తిన మహారాజు! మన వంటింటి అలమర తలుపు ఏడాదిగా ఒంటికాలి మీద నిలబడి దణ్ణం పెడుతోంది, దాన్నీ కాస్త కనికరించండి," అనేది.

మరుసటి ఏడాది చివర్లో పెద్ద క్లాసు పిల్లొకతె లోపల గొళ్ళెం వేసుకొని స్పృహ తప్పింది. తలుపు తెరవడానికి పావుగంట పట్టింది. హెడ్మాస్టరు హడలిపోయి, ఆ పూటే గొళ్ళేలన్నీ ఊడదీయించి, చేసిన పని పై ఆఫీసుకు రాశాడు. భేష్, అలాగే ఉంచండి అని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పిల్లల భద్రత కోసమట! ఆ పిల్లల్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. మూడు గదుల్లో ఒకదానికి టీచర్లు లోపలి నుంచి కూడా పడే తాళం బిగించి తమకు ఉంచుకున్నారు. రెండోదాంట్లో గొట్టం పగిలితే, బాగుచేయడం మానేసి విరిగిన బెంచీలు కుక్కారు. మిగిలింది ఒక్కటి, మగపిల్లలు ఆటస్థలానికి వెళ్ళే దారిలో. గొళ్ళెం ఉండాల్సిన చోట నాలుగు మరమేకుల కన్నాలు.

మొదట్లో పిల్లలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు వెళ్తే ఇద్దరు తలుపు దగ్గర కాపలా. కానీ క్లాసులోంచి ముగ్గురు కలిసి లేస్తే టీచర్లు ఊరుకోలేదు. "ఊరేగింపా? వెళ్ళేవాళ్ళు ఒక్కరే వెళ్ళండి," అన్నారు. దాంతో కాపలా పోయింది.

ఎనిమిదో తరగతిలో ఒక రోజు ఒంటె లోపలుండగా తలుపు తెరుచుకుంది. తోసిందెవరో కనబడలేదు. నవ్వులు వినబడ్డాయి, పరుగెత్తే కాళ్ళ చప్పుడు వినబడింది. అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు. పదమూడేళ్ళ పిల్లకు ఆ 'అంతే' చాలు.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పేద్దామని పెరట్లోకి వెళ్ళింది. ఆయన కుర్చీకి నునుపు పెడుతూ, కొత్తగా పని చెప్పడానికి వచ్చినాయనతో మాట్లాడుతున్నాడు. "నా పనితనం చూడాలంటే బడికెళ్ళి చూడండి. గొళ్ళెం వేస్తే గంట కొట్టినట్టు ఉంటుంది." ఒంటె నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. నాన్న తలుపులకు గొళ్ళేలు పీకేశారని నాన్నకెలా చెప్పడం?

ఆ మర్నాటి నుంచీ నీళ్ళు మానేసింది.

దాహం ఎలాంటిదో, అది తీర్చుకోగలిగిన వాళ్ళకు తెలియదు. లెక్కల టీచరు పాఠం మధ్యలో గ్లాసెత్తి గుక్క వేస్తే ఒంటె గొంతు కూడా కదిలేది. వాన పడితే కిటికీ ఊచల మీంచి జారే చుక్కల వంక, ఇష్టమైన వాళ్ళ వంక చూసినట్టు చూసేది. చిన్న బడిలో చదివేటప్పుడు కుళాయి కింద నోరు పెట్టి గౌను తడిసేదాకా తాగిన రోజులు గుర్తొచ్చేవి. నెలసరి రోజుల్లో బడికే వెళ్ళేది కాదు. నెలకు నాలుగు రోజులు కడుపునొప్పని ఇంట్లో పడుకొని, ఆ నాలుగు రోజులూ కడుపారా నీళ్ళు తాగేది.

తొమ్మిదిలో మంట మొదలైంది. ఒంటికి వెళ్ళాలంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. దానికి ఒంటె కనిపెట్టిన వైద్యం ఏమిటంటే, పొద్దున తాగే ఆ అరగ్లాసూ మానేయడం. తక్కువ తాగితే తక్కువసార్లు వెళ్ళాలి, తక్కువసార్లు వెళ్తే తక్కువ మంట. ఆ పిల్ల లెక్క అది. తప్పని చెప్పేవాళ్ళు కావాలంటే ముందు ఎవరితోనైనా అనాలి కదా.

పదో తరగతి సగంలో ఉండగా చలిజ్వరం వచ్చింది. నడుం పక్కన పోటు. "పుస్తకాల మోత! గాడిదకు కూడా ఇంత బరువెత్తరు," అని అమ్మ నడుముకు నూనె రాసింది. రెండు రోజులు రాసింది. మూడో రోజు పిల్ల మాట తడబడేసరికి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారు.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చొని అడిగింది. "బడిలో ఎన్నిసార్లు ఒంటికి వెళ్తావమ్మా?"

ఒంటె గోడ వైపు తిరిగింది. చూడ్డానికొచ్చిన రేడియో ముందు ఆమె దుప్పటి సరిచేసింది. తర్వాత ఆగలేదు. గొళ్ళెం, కాపలా, నవ్వులు, పూలకుండీ, అన్నీ చెప్పేసింది.

"నాకైనా చెప్పొచ్చు కదే!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. "నూనె రాశానే నేను, నూనె!"

"చెప్తే నాన్న బాధపడతాడని..."

"నా గొళ్ళేలు తీసేసి ఎన్నాళ్ళయింది?" అని నాన్న ఒక్కటే అడిగాడు.

"మూడేళ్ళవుతోంది నాన్నా."

ఆ మూడేళ్ళలో ఆ తలుపుల గురించి తను ఎంతమందికి గొప్పలు చెప్పుకున్నాడో, అప్పుడు ఈ పిల్ల ఎక్కడ నిలబడి వినేదో ఆయనకు ఒక్కొక్కటే గుర్తొచ్చి ఉండాలి. లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఒక మూత్రపిండానికి మచ్చ పడిందని డాక్టరమ్మ చెప్పింది. "రెండు గంటలకోసారి నీళ్ళు తాగాలి. వెళ్ళాలనిపిస్తే వెళ్ళాలి. ఆపుకోవడమన్న మాట ఇక మర్చిపో. రెండోదాన్నన్నా కాపాడుకోవాలి."

మర్నాడే నాన్న సంచి భుజాన వేసుకొని బడికి వెళ్ళాడు. హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించాడు, పిల్ల ఎలా ఉందని అడిగాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకూ ఆడపిల్ల ఉందయ్యా. నీ బాధ నాకు తెలుసు."

"మీ ఇంట్లో గొళ్ళెం ఉందా అండీ?"

హెడ్మాస్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. నాన్న సంచిలోంచి ఒక గొళ్ళెం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది చూడండి. లోపల వేసుకుంటే వేసుకున్నట్టే. ఏదన్నా ఆపదొస్తే బయటి నుంచి ఈ గాడిలో చెంచా కాడ పెట్టి తిప్పితే చాలు, తెరుచుకుంటుంది. మీ భయానికీ మందే, పిల్లల భయానికీ మందే. పావుగంటలో బిగించి పోతాను."

"పై ఆఫీసు ఉంచమన్న పద్ధతి ఇది. వాళ్ళ కాగితం లేకుండా నేను మేకు కూడా కొట్టించలేను. మళ్ళీ ఎవరైనా లోపల పడిపోతే నా మెడకు చుట్టుకుంటుంది."

"తీసినప్పుడు కాగితం తర్వాతొచ్చింది కదండీ?"

"తీయడం వేరు, పెట్టడం వేరు."

"లోపల ఏదో జరుగుతుందని గొళ్ళెం తీశారు. మా పిల్లకు జరిగింది బయటేనండీ, క్లాసులో, బెంచీ మీద, మీ అందరి కళ్ళ ముందు."

అర్జీ రాసిచ్చి వచ్చాడు. తర్వాత పై ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. ఒకసారి గుమాస్తా సెలవు. ఒకసారి అది తమ విభాగం కాదన్నారు. ఒకసారి ఫైలు బల్ల మీదుంది, అధికారి లేడు. ఇంకోసారి అధికారి ఉన్నాడు, ఫైలు లేదు.

గొళ్ళెం లేని బడికి ఇక పంపలేదు. ఒంటె కిటికీ దగ్గర కూర్చోవడం నేర్చుకుంది. ఇంకో బడికి వెళ్దామంటే రెండు బస్సుల దూరం. ఆ గంటన్నర ఆపుకొనే పని మళ్ళీ మొదలవుతుంది. పక్కన కూజా నిండా నీళ్ళు. ఎన్ని కావాలంటే అన్ని తాగొచ్చు. కానీ ఎనిమిదీ ముప్పావుకు వీధిలో నీలం గౌనులు ఒక్కొక్కటే పోతుంటే చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయేది. సుద్దపొడి వాసన కావాలనిపించేది. మూడో బెంచీ మీద తను గీరిన చుక్క కావాలనిపించేది. ఆఖరికి లెక్కల టీచరు తిట్లు కూడా. సోమవారం వస్తే బడి గౌను ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించేది. అమ్మ దాని ఊడిన గుండీ కుట్టిపెట్టేది.

సాయంత్రం రేడియో వచ్చి ఆనాటి వార్తలన్నీ చదివేది.

"నా చోట ఎవరు కూర్చుంటున్నారే?"

"నా సంచి."

"సంచా?"

"ఆఁ. ఎవరన్నా జరపబోతే కరుస్తుంది."

ఒంటె పకపకా నవ్వి, నవ్వుతూనే కిటికీ వైపు తిరిగిపోయేది.

పరీక్షలకు నెల ముందు లెక్కల టీచరు ఇంటికొచ్చింది. హాజరు చాలలేదట. ఈ ఏడాది పరీక్ష రాయనివ్వరట. "వచ్చే ఏడాది మళ్ళీ పదిలో చేరమ్మా. తెలివైన పిల్లవి."

"చేరతాను టీచర్. గొళ్ళెం పెట్టారా?"

టీచరు చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "మా మరుగుదొడ్డి తాళంచెవి మీ పిల్లలకూ ఇద్దామని అడిగాను. కుదరదన్నారు."

"మీరు ఆ గదికి వెళ్తుంటే తాళంచెవి గలగలమనేది టీచర్. మేం పాఠం ఆపి ఆ చప్పుడే వినేవాళ్ళం."

ఆ పిల్ల నిష్ఠూరంగా అనలేదు. పండగ బట్టల గురించి చెప్పినట్టు, ఆశగా చెప్పింది. అందుకే టీచరు ఎక్కువసేపు కూర్చోలేకపోయింది.

లెక్కల పరీక్ష రోజు మధ్యాహ్నం రేడియో నేరుగా ఒంటె ఇంటికే వచ్చి ప్రశ్నపత్రం చేతిలో పెట్టింది. ఒంటె గౌను వేసుకుంది, జడ అల్లుకుంది, గడియారం ఎదురుగా పెట్టుకొని కూర్చుంది. మూడు గంటలు రాసింది. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళొచ్చింది. ఆ మూడు గంటలూ అమ్మ మిషన్ తొక్కలేదు, ఒడిలో సగం కుట్టిన బట్టతో అలాగే కూర్చుంది. నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. చివరి లెక్క కింద గీత గీసి, కాగితాలు దారంతో కట్టి, ఒంటె తల ఎత్తింది. తీసుకునేవాళ్ళెవరూ లేరు.

ఇది చదివి అయ్యో పాపం అనుకుంటే ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. ఒక పని చేయండి. ఈ పూటే మీ ఇంటి ఆడపిల్లను, పక్కింటి పిల్లను అడగండి, బడిలో నీళ్ళు తాగుతుందో లేదో. జవాబుకు తడుముకుంటే మర్నాడే ఆ బడికి వెళ్ళండి. ఆఫీసు గదిలో కూర్చొని మాట్లాడి రాకండి. వెనక్కి వెళ్ళి, ఆ తలుపు లోపలి నుంచి మీ చేత్తో మీరు వేసి చూడండి. పడకపోతే కాగితం మీద రాసి, తారీఖు వేయించుకొని, ముద్ర కొట్టించుకోండి. ఒక్కరే వెళ్ళకండి. ఒక్కడు వెళ్తే నాలుగుసార్లు తిప్పుతారు. నలభైమంది తల్లులూ తండ్రులూ వెళ్తే పై ఆఫీసు కాగితం ఆ సాయంత్రానికే వస్తుంది. సిగ్గుపడే వయసు వాళ్ళది. అడిగే వయసు మనది. సెలవుల్లోనూ బడి ఆఫీసు గది తెరిచే ఉంటుంది, బడులు తెరవడానికి ఇంకా నెల రోజుల గడువుంది.