తాత చెలమ నీళ్ళు

మా తాతకు ఊరి చరిత్ర అంటే ఒకటే కథ. "మన పెద్దోళ్ళు కత్తులు పట్టుకొని వచ్చినప్పుడు ఇదంతా పులులు తిరిగే అడివి. దప్పికై ఏటి ఇసకలో చెలమ తీసినారు. నీళ్ళు తియ్యంగా ఉండినాయి. సరే, ఇక్కడే ఉండిపోదాం అన్నారు. అట్ల పుట్టింది రాజపాళయం." ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పి, చెంబెడు చెలమ నీళ్ళు తాగించేవాడు. ఆ నీళ్ళు మోసేది నేను. ఆ కథ తలుచుకుంటే ఇప్పటికీ నాకు డోకొస్తుంది.

నూలు మిల్లులొచ్చాక పక్కనున్న చోళపురం నుంచీ తళవాయిపురం నుంచీ జనం వచ్చి పడ్డారు. ఊరు నాలుగు దిక్కులా పెరిగింది. ఊరంతటికీ మరుగుదొడ్డి మాత్రం ఆ ఏరే. పనివాళ్ళకు గదులు కట్టినవాళ్ళు దొడ్లు కట్టలేదు. మేడలు కట్టుకున్న మావాళ్ళూ కట్టలేదు. వీధికొకటి కట్టిద్దామని ఒక పెద్దమనిషి అడగడానికి వస్తే, "ఇంటి పక్కన కంపు పెట్టుకుంటామా? ఏరుంది కదా" అని తాతే పంపించేశాడు. తెల్లారితే చెంబు పట్టుకొని ఆయనా అక్కడికే పోయేవాడు.

నేను ముక్కు మూసుకొని, అడుగు ఎక్కడ వెయ్యాలో వెతుక్కుంటూ ఇసకలోకి దిగేదాన్ని. చెలమలో పాత నీళ్ళు తోడి పారబోసి, కొత్త ఊట ఊరేదాకా కూర్చునేదాన్ని. ఊట తేటగానే ఉండేది, చూసినవాళ్ళు మోసపోయేట్టు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు ఊళ్ళో వాంతిభేది తగిలింది. మా చెల్లెలికి అప్పుడు మూడేళ్ళు. "పాపకు నీళ్ళు కాగబెట్టి ఇస్తాను మామా" అంది అమ్మ. తాత పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. పొయ్యి మీది బిందె దించించాడు.

"పెద్దోళ్ళు తాగిన నీళ్ళమ్మా అవి. వాటికేం రోగమొచ్చిందని కాగబెట్టేది?"

నేను తెచ్చిన పచ్చినీళ్ళే నా చేత్తోనే చెల్లెలికి తాగించాను. వాంతులు పట్టుకున్నాక రెండు రోజులే బతికింది.

పలకరించడానికి బంధువులు వచ్చారు. తాత వసారాలో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు. కత్తులు, పులులు, చెలమ, తియ్యటి నీళ్ళు. ఆ మనిషి ముఖం చూడాలంటేనే నాకు రోతపుట్టింది. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళిచ్చి, చివరికి ఆయన చెంబు ఆయన ముందు పెట్టాను. తాత చెంబు అందుకోలేదు. నన్ను దగ్గరికి వంగమని సైగ చేసి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"కాగబెట్టినవేనా, అమ్మీ?"