సార్ కంటే ముందు పైకి రావడం

2010 జనవరిలో నేను రాయపూర్‌లో రైల్వే వంతెనల విభాగంలో సెక్షన్ ఇంజనీరుగా ఉన్నాను. వంతెన స్తంభాలు నీళ్ల అడుగున ఎలా ఉన్నాయో చూడడానికి బయటి ఈతగాళ్లను పిలిపించేవాళ్లం. వాళ్లు పైకొచ్చి చెప్పిందే మేం రాసుకోవాలి. మనవాళ్లే ఇద్దరు దిగడం నేర్చుకుంటే మేలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒకరు మా అసిస్టెంట్ ఇంజనీరు మిశ్రా గారు, రెండోవాణ్ణి నేను. మా నాన్నది శ్రీకాకుళం జిల్లా కాబట్టి నాకు సముద్రం కొట్టిన పిండి అయి ఉంటుందని వాళ్ల లెక్క. నేను పుట్టి పెరిగింది రాయపూర్ రైల్వే క్వార్టర్లలో. అప్పటికి నలభై ఏడేళ్లొచ్చినా సముద్రాన్ని రెండే సార్లు చూశాను, అదీ ఒడ్డు మీద నుంచి.

శిక్షణ విశాఖపట్నంలో. నేర్పేవాడు అప్పలరాజు, ఒకప్పుడు చేపల వేటకు వెళ్లినవాడు. మూడు రోజులు ఈతకొలనులో ముంచాడు. వీపున గాలి సిలిండరు, కళ్లకు అద్దం, నోట్లో గొట్టం. ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. ఎంత గాలి మిగిలిందో చూపే మీటరొకటి పక్కన వేలాడుతుంది. నిండుగా ఉంటే రెండొందలు. డెబ్బైకి దిగితే అతనికి చూపాలి, యాభైకల్లా పైకి బయలుదేరాలి. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని అర్థం. ఇదంతా నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. మిశ్రా గారు నా నోట్‌బుక్కులోంచి రాసుకున్నారు.

నాలుగో రోజు సముద్రంలో దిగాం. పది మీటర్ల లోతు. ముందు అప్పలరాజు, తర్వాత మిశ్రా గారు, ఆయన వెనక నేను. భయానికి గాలి ఎక్కువగా లాగేశానేమో, మీటరు చూస్తుండగానే డెబ్బైకి వచ్చింది. వంతెన తనిఖీకి అధికారి వస్తే మాకో పద్ధతుంది. పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్లు రెండు వదిలి ఆయన వెనక నడవాలి, ఆయన తిరిగేదాకా మనం తిరగకూడదు. ఇరవై రెండేళ్లు అలాగే నడిచాను. మిశ్రా గారేమో ఒక రాయిని తదేకంగా చూస్తున్నారు. ఆయన తిరిగాక చెబుదామనుకున్నాను. అంతా బాగానే ఉందా అని అప్పలరాజు సైగ చేస్తే, బాగానే ఉందని మిశ్రా గారు వేళ్లు చుట్టి చూపారు. సార్ ఉందన్నాక నేను లేదనడమేమిటని నేనూ చుట్టాను. యాభై అయింది. నలభై అయింది. ఇక చచ్చిపోతాననే అనుకున్నాను. అయినా చెయ్యి లేవలేదు.

అప్పలరాజుకే ఎందుకో అనుమానం వచ్చింది. వెనక్కి వచ్చి ఇద్దరి మీటర్లూ లాగి చూసి, చెరో పట్టీ పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. పడవెక్కాక తెలిసింది, మిశ్రా గారి మీటరు నాదానికంటే కిందికి దిగిందని. తన కింద పనిచేసేవాడు చూస్తుండగా ముందు తాను వెనుదిరగడం బాగుండదని ఆగారట.

"మర్యాద కోసం ఇద్దరూ సచ్చిపోదామనుకున్నారేటండీ?" అన్నాడు అప్పలరాజు.

సర్టిఫికెట్ ఇవ్వనన్నాడు. కావాలంటే ఒక షరతు. మర్నాడు నేను ముందుండాలి. గాలి ఇంకా బోలెడు ఉండగానే, నాకు తోచినప్పుడు వేలెత్తాలి. మిశ్రా గారు మారు మాట్లాడకుండా పైకి రావాలి. నా పనితీరు మీద ఏటేటా రిపోర్టు రాసేది ఆ మిశ్రా గారే. సముద్రం కంటే నాకు ఆ షరతే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు నూట ఇరవై దగ్గర వేలెత్తాను. అద్దం వెనక సార్ కళ్లు ఇంతింతయ్యాయి. తన మీటరు చూసుకున్నారు, నాదీ చూశారు, తర్వాత వచ్చారు. పడవలో "క్యా హువా, రావుజీ?" అన్నారు. ఏమీ కాలేదని, పైకి రావాలనిపించిందని చెప్పాను. ఆయన తువ్వాలుతో రెండు చెవులూ తీరిగ్గా తుడుచుకుని "ఠీక్ హై" అన్నారు. అప్పలరాజు సంతకం పెట్టాడు.

రాయపూర్ వచ్చాక మా ఖలాసీలకు, అంటే వంతెన మోసే ఇనప దూలాలు, గర్డర్లు, ఎత్తి దించే పనివాళ్లకు, ఒక మాట చెప్పాను. ఎవరు ఆపమన్నా పని ఆగుతుంది, ఎందుకని అడగను. నేను రిటైరయ్యేలోపు మూడుసార్లు ఆపారు. మొదటి రెండుసార్లు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. రైళ్లు ఆపి ఇచ్చిన సమయం వృథా అయిందని నేను పైవాళ్ల చేత చీవాట్లు తిన్నాను. మూడోసారి, కొత్తగా చేరిన ఖలాసీ ఒకతను "రుక్ జావ్ సాహెబ్" అన్నప్పుడు, నేను గర్డరు కిందికి వంగబోతున్నాను. ఆగాను. గర్డరును ఎత్తి పట్టిన జాకీ జారి, నేను వంగబోయిన చోట గర్డరు కూర్చుంది.

మొదటి ఇద్దరినీ ఎందుకాపారని నిలదీసి ఉంటే, మూడోవాడు నోరు విప్పేవాడు కాదు.